పెరటి కోళ్లు: పొదిగించడం నుంచి కోసి కడగడం దాకా

పెరట్లో పది కోళ్లు తిరుగుతుంటే గుడ్లు కొనే పని ఉండదు, చుట్టం వస్తే సంతకు పరుగెత్తే పని ఉండదు. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు పల్లెల్లో పుట్టినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఏటా ఎండాకాలం ముగిసేసరికి చాలా ఇళ్లలో గూళ్లు ఖాళీ అవుతాయి. "మాకు కోళ్లు అచ్చిరావు" అని వదిలేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. మేత చాలక చచ్చిన పెరటి కోడిని నేను చూడలేదు. తెగులు, రాత్రిపూట వచ్చే జంతువు, చేనులో చల్లిన మందు, ఈ మూడే గూళ్లను ఖాళీ చేస్తాయి. ఒక మే నెలలో ఆరు రోజుల్లో 17 కోళ్లను పెరట్లోనే పూడ్చిపెట్టాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా వరుసగా చెబుతాను.

ముందు ఎన్ని, ఏ రకం

మొదటి ఏడాది నాలుగైదు పెట్టలు, ఒక పుంజు చాలు. ఇంట్లో మిగిలే నూకలు, తవుడు, అన్నం, పెరట్లోని పురుగులతో పదింటి వరకు సాకవచ్చు. అంతకు మించితే మేత కొనాలి, అప్పుడు లెక్క మారిపోతుంది. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. ఏడాదికో, ఏడాదిన్నరకో పుంజును వేరే ఊరి పుంజుతో మార్చండి. తన పిల్లల మీదనే అదే పుంజు తిరుగుతుంటే గుడ్లు పిల్లలు కావడం తగ్గుతుంది, అయిన పిల్లలు బలహీనంగా ఉంటాయి.

నాటు పెట్ట ఏడాదికి 60, 70 గుడ్లకు మించి పెట్టదు. కానీ పొదుగుతుంది, పిల్లలను కాపాడుకుంటుంది, గద్ద నీడ పడగానే కేక వేస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ కూడా పెరటికి పనికొచ్చేవే. వనరాజా త్వరగా బరువు పెరుగుతుంది, గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడుతుంది. అయితే ఇవి సాధారణంగా పొదుగుకు కూర్చోవు. అందుకే రెండు నాటు పెట్టలను తప్పకుండా ఉంచుకుని, మేలు రకం గుడ్లను వాటి కింద పెట్టమని నా సలహా. తెల్ల కోళ్లు మాత్రం వద్దు. ఎర్రమట్టి మీద తెల్లకోడి గద్దకు ఆకాశంలోంచే కనబడుతుంది.

గూడు

రాత్రి గూడే కోడికి ప్రాణం. పగలంతా ఎక్కడ తిరిగినా ఫరవాలేదు, పొద్దు గుంకేసరికి తలుపు పడాలి. పది పన్నెండు కోళ్లకు నాలుగు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేలకు రెండు అడుగుల ఎత్తులో రాతి కడీల మీద నిలబెట్టండి. మన దగ్గర కడీలకు, షాబాదు బండలకు కొరత లేదు. కింద బండ పరిస్తే ముంగిస తవ్వుకుని రాలేదు. పక్కలకు కొట్టే జాలీ కన్నం అర అంగుళానికి మించకూడదు. అంగుళం కన్నంలోంచి పాము దూరుతుంది, గుడ్లన్నీ మింగి వెళ్తుంది. పిల్లి కోడిని లోపలే పట్టుకోలేకపోయినా జాలీలోంచి కాలు పట్టి లాగుతుంది. కాబట్టి కోళ్లు కూర్చునే కర్ర జాలీకి జానెడు లోపలికి ఉండాలి.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి రాదు. రేకులే కప్పు అయితే వాటి మీద తాటాకు గానీ వరిగడ్డి గానీ మందంగా పరచండి. అడుగున రెండు మూడు అంగుళాల ఊక పోసి, వారానికి రెండుసార్లు కర్రతో తిరగేసి, తడిసిన చోట పిడికెడు సున్నం చల్లండి. తలవంచి లోపలికి చూస్తే ముక్కుకు ఘాటు తగిలిందంటే ఊక మార్చే రోజు వచ్చినట్టే. ఆ ఘాటే కోళ్లకు జలుబు తెచ్చిపెడుతుంది.

పెరట్లో ఒక మూల బూడిద, పొడి మట్టి కలిపి పోసి ఉంచండి. కోళ్లు అందులో పొర్లి పేలు, గోమార్లు దులుపుకుంటాయి.

పొదిగించడం

మన వాతావరణంలో దసరా దాటినప్పటి నుంచి మాఘం వరకు పొదిగించడానికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో నిల్వ ఉంచిన గుడ్డులో ఎండ వేడికే పిండం కదిలి, సగంలో చచ్చిపోతుంది. ఎండాకాలంలో పొదిగించి సగం గుడ్లు మురిగాయని పెట్టను తిట్టడం న్యాయం కాదు. ఇంకో లెక్క కూడా ఉంది. కార్తీకంలో పుట్టిన నాటు పుంజు ఆషాఢానికి కోతకు వస్తుంది. ఊళ్లో బోనాలు ఆషాఢ శ్రావణాల్లోనే కదా.

పెట్ట పొదుగుకు వచ్చిందని ఎలా తెలుస్తుంది? గుడ్డు పెట్టిన చోటు వదలదు, చేయి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం వెచ్చగా తగులుతుంది. రెండు రోజులు అలాగే కూర్చుంటే గుడ్లు పెట్టండి. వారం కంటే పాతవి వద్దు. అప్పటిదాకా గుడ్లను చల్లని మూలలో ఇసుక పోసిన కుండలో, సన్నని కొన కిందికి ఉండేలా దాచండి. పగిలినవి, మరీ గుండ్రనివి, మరీ పొడుగువి ఏరేయండి. కడగకండి, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవండి. పెట్ట ఒళ్లు చూసి తొమ్మిది, పదకొండు, పదమూడు గుడ్లు పెడతారు మన పెద్దలు. బేసి సంఖ్య ఆచారం సంగతి ఎలా ఉన్నా, పదమూడు దాటితే అంచున ఉన్నవి చల్లబడతాయి. మసక పడ్డాక పెడితే పెట్ట బెదరదు.

ఏడో రోజు రాత్రి ఫోను లైటు మీద గుడ్డును నిలబెట్టి చూడండి. ఎర్రని నరాలు సాలెగూడులా కనబడితే పిల్ల ఉన్నట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే తీసేయండి. 21వ రోజుకు పిల్లలు పెంకు పగలగొట్టుకుని వస్తాయి. ఒకటి ఆలస్యమైతే మీరు పెంకు ఒలవకండి, లోపలి నరాలు తెగి చచ్చిపోతుంది. పెట్టకు రోజూ ఒకసారి నీళ్లు, గింజలు దగ్గరలోనే ఉంచితే చాలు. దిగి తిని పది ఇరవై నిమిషాల్లో తనే వెళ్లి కూర్చుంటుంది.

మొదటి ఆరు వారాలు

పిల్లలు తల్లి కింద ఉంటే వెచ్చదనం గురించి మీకు పని లేదు. తల్లి లేని పిల్లలను కొనుక్కొస్తే మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పాత రకం 60 వాట్ల బల్బు ఒకటి అట్టపెట్టెలో వేలాడదీసి పిల్లలను గమనించండి. బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. అటూ ఇటూ హాయిగా తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

తిండికి సన్నగా విసిరిన సజ్జలు, జొన్నలు, నూకలు, ఉడికిన గుడ్డు ముక్కలు పెట్టండి. దొరికితే నెల రోజులు పిల్లల మేత కొని పెట్టడం మంచిదే. కానీ మన నేలలో అంతకంటే మంచిది ఒకటుంది, చెదలు. పాత కుండలో పొడి పేడ, చిరిగిన గోనె, కాస్త గడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదపుట్ట పక్కన బోర్లించండి. తెల్లవారేసరికి కుండ నిండా చెదలు ఎక్కి ఉంటాయి. పొద్దు పొడవకముందే తెచ్చి పిల్లల ముందు దులపాలి, ఎండ తగిలితే అవి మట్టిలోకి దిగిపోతాయి. నాలుగు రోజులు చెదలు తిన్న పిల్లకు, ఉత్త నూకలు తిన్న పిల్లకు ఈకలోనే తేడా తెలుస్తుంది.

ఈ ఆరు వారాలూ పగలు గంప కింద, లేదా తల్లితో పాటు కంచె లోపల ఉండాలి. గద్ద, కాకి, ముంగిస, ఊరకుక్క అన్నీ పిల్లల మీదనే కన్నేస్తాయి.

టీకా రోజు

ఇక్కడ కాస్త ఓపికగా చదవండి. నా 17 కోళ్లు పోయింది ఈ సంగతి తెలియకనే.

కొక్కెర తెగులు అని మనం పిలిచేదాన్ని పుస్తకాల్లో రాణిఖేత్ అంటారు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా, తెల్లగా పారుకుంటుంది, నోరు తెరిచి కొక్కెరలా ఊపిరి లాగుతుంది, కొన్నిటికి మెడ తిరిగిపోతుంది. వచ్చిందంటే మందు లేదు. వైరస్ తెగులు కాబట్టి మెడికల్ షాపులో ఇచ్చే గోళీలు పని చేయవు. రాకముందు టీకా వేయించడం ఒక్కటే దారి.

వరుస ఇది. పిల్ల పుట్టిన అయిదు నుంచి ఏడో రోజు లోపల లసోటా, అంటే కొక్కెర తెగులుకు చిన్న పిల్లలకు వేసే టీకా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో అనే మరో వైరస్ తెగులుకు టీకా. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరేడు వారాలకు మశూచి టీకా. ఎనిమిది నుంచి పది వారాలకు కొక్కెర తెగులుకే వేసే రెండో రకం టీకా ఆర్2బి, రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు సూది. ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ఆర్2బి ఘాటైన టీకా. ముందు లసోటా పడని పిల్లకు, ఎనిమిది వారాలు నిండని పిల్లకు వేయించకూడదు. టీకాకు వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పట్టుతుంది. నలతగా ఉన్న కోడికి ఆ రోజు వేయవద్దు.

చిక్కు ఎక్కడంటే, టీకా సీసా సాధారణంగా వంద కోళ్లకు సరిపడేంత ఉంటుంది. కలిపిన తర్వాత రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే. పది కోళ్లున్న మనిషి వంద కోళ్ల సీసా ఎందుకు కొంటాడు? కొనడు. అలా వాడకట్టులో ఎవరూ కొనరు. ఒక ఇంట్లో తెగులు పడితే కోళ్లు గోడ దాటి తిరుగుతాయి కాబట్టి వారంలో వీధంతా ఊడ్చుకుపోతుంది. దానికి మేము చేసిన పని ఇది: పక్క పన్నెండు ఇళ్లవాళ్లం మాట్లాడుకుని, ఒక ఆదివారం తెల్లవారుజామున, కోళ్లను గూళ్లలోంచి విడవకముందే ఇంటింటికీ తిరిగి టీకా వేయించాం. సీసా ఖర్చు ఇంటికి కొంతే పడింది. మండల పశువైద్యశాలలో ముందుగా అడిగి పెట్టుకుంటే టీకా ఎప్పుడు వస్తుందో చెబుతారు, సూది వేసే మనిషీ దొరుకుతాడు. మీ ఒక్క ఇంటి కోళ్లకు వేయించి పక్కింటివాళ్లను వదిలేస్తే సగం పనే అయినట్టు. అడగడానికి మొహమాటపడకండి.

టీకాను ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులోనే తీసుకురావాలి. జేబులో పెట్టుకుని బండి మీద ఎండలో వస్తే అది నీళ్లతో సమానం. కంట్లో చుక్క వేశాక కోడి కన్ను మూసి తెరిచేదాకా పట్టుకుని ఉండండి, లేకపోతే విదిలించేస్తుంది. తాగే నీళ్లలో కలిపే టీకా అయితే మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడకండి. ఫ్లోరైడ్‌తో తరాలుగా నలిగిన మన నల్లగొండకు ఆ నీళ్లు మేలు చేశాయి, కానీ వాటిలోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. నీళ్లను మరిగించి, చల్లార్చి కలపండి.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది బయటపడినప్పుడు మన సరిహద్దుల్లో కోళ్ల లారీలను ఆపారు. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే కోయకండి, ఎవరికీ ఇవ్వకండి, వెంటనే పశువైద్యుడికి చెప్పండి.

ఎండ, చేను మందు

మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు తగులుతాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఒగర్చడమే దానికి తెలిసిన దారి. మేతను ఉదయం ఎనిమిది లోపల, సాయంత్రం అయిదు తర్వాత పెట్టండి. మధ్యాహ్నం కడుపు నిండితే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. వేపచెట్టు కింద రెండు మూడు మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి, మధ్యాహ్నం ఒకసారి మార్చండి. గూటి మీది గోనెలు తడపండి. ఆ వేళలో కోళ్లను తరమడం, పట్టడం వద్దు.

జూన్ వచ్చిందంటే పత్తి గింజలు వేసే కాలం. కొన్న విత్తనాలకు రంగు మందు పట్టించి ఉంటుంది. సంచి దులిపిన చోట రాలిన గింజలు తిన్నా కోళ్లు చచ్చిపోతాయి. విత్తనాల సంచులు, గుళికల మందు డబ్బాలు పెరట్లోకి తేవద్దు. బత్తాయి తోటలో గానీ పత్తి చేనులో గానీ పిచికారీ చేసిన రోజు నుంచి మూడు నాలుగు రోజులు కోళ్లను కట్టడి చేయండి, పక్క చేనువారిని కూడా అడిగి తెలుసుకోండి.

వానాకాలంలో పిల్లలు రక్తం పారుకుంటే అది నేల తడి వల్ల వచ్చే రోగం. వెంటనే పశువైద్యుడిని అడిగి మందు నీళ్లలో కలపాలి, ఊక మార్చాలి. గుడ్లు పెట్టే కోళ్లకు పిండిచేసిన గుడ్డు పెంకులు, ఆల్చిప్పల ముక్కలు ఒక మూకుడులో ఎప్పుడూ ఉంచితే పెంకు పలచబడదు.

కోసే రోజు

నాటు పుంజుకు ఆరేడు నెలలు నిండి కిలోన్నర దాటితే కోతకు వచ్చినట్టే. ముందు ఒకటి గుర్తుంచుకోండి. జబ్బు కోడిని, చావబోతున్న కోడిని "పోయేలోపు కోసేద్దాం" అని కోయవద్దు. సున్నం వేసి పూడ్చిపెట్టండి. మందులు వాడి ఉంటే డబ్బా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆగండి.

ముందురోజు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం ఉంచండి. పది పన్నెండు గంటలు ఖాళీగా ఉంటే పేగులు తేలికపడి, తీసేటప్పుడు తెగినా మాంసం పాడవదు. తెల్లవారుజామున చల్లగా ఉండగా పని మొదలుపెట్టండి. పగలు తరిమి పట్టిన కోడి మాంసం గట్టిగా ఉంటుంది. చీకట్లో గూటిలోంచే నెమ్మదిగా తీసి, గంప కింద కాసేపు ఉంచితే శాంతిస్తుంది. పిల్లల ముందు, మిగతా కోళ్ల ముందు కోయవద్దు.

కత్తిని ముందురోజే నూరి పెట్టుకోండి. మొండి కత్తితో కోయడం కోడి పట్ల చేసే పాపం. అడుగు కోసిన అయిదు లీటర్ల నూనె డబ్బాను మూతి కిందికి ఉండేలా గోడకు బిగించి, మూతిని కాస్త పెద్దది చేస్తే గరాటులా తయారవుతుంది. అందులో కోడిని తలకిందులుగా దించితే రెక్కలు కొట్టుకోదు, ఎముక విరగదు. మీ ఇంటి ఆచారం హలాల్ అయినా జట్కా అయినా, మెడ పక్కలనున్న రక్తనాళాలు ఒక్క వేటుకు తెగాలి. ఆ తర్వాత రెండు నిమిషాలు అలాగే వేలాడనివ్వండి. రక్తం పూర్తిగా కారితేనే మాంసం తెల్లగా, నిల్వకు బాగుంటుంది. కదలిక పూర్తిగా ఆగేదాకా వేడినీళ్లలో ముంచవద్దు.

నీళ్ల వేడి దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. సలసల కాగే నీళ్లలో ముంచితే చర్మం ఉడికి, ఈకతో పాటు చిరిగి వస్తుంది. 60 నుంచి 65 డిగ్రీలు కావాలి. ఉష్ణమాపిని లేకపోయినా ఇబ్బంది లేదు: బాగా మరిగిన నీళ్లు ఒక బిందె, తొట్టిలోని మామూలు నీళ్లు అదే బిందెతో ఒకటి, రెండూ కలపండి. మామూలు నీళ్లు 30 డిగ్రీలుంటే కలిపినవి 65 దగ్గర నిలుస్తాయి. చలికాలంలో మామూలు నీళ్లు కొంచెం తగ్గించండి. కోడిని కాళ్లు పట్టుకుని ముంచి, ఈకల లోపలికి నీళ్లు చేరేలా కదుపుతూ నిమిషం ఉంచండి. తోక ఈక చేత్తో లాగితే సులువుగా వచ్చిందా, తీసేయండి. ముందు రెక్కలు, తోక, తర్వాత ఒళ్లు పీకండి.

మిగిలిన సన్నని వెంట్రుకలను పొడి తాటాకు గానీ వరిగడ్డి గానీ మండించి ఆ మంట మీద గబగబా తిప్పండి. నాటుకోడి పులుసుకు ఆ వాసన వచ్చేది ఇక్కడే. ప్లాస్టిక్, పాత టైరు, కిరోసిన్ మంట మీద మాత్రం ఎప్పుడూ కాల్చవద్దు. కాల్చాక పసుపు, ఉప్పు పట్టించి గట్టిగా రుద్ది, పచ్చని చర్మం మెరిసేదాకా కడగండి.

కాళ్లు మోకీలు దగ్గర, తల మెడ మొదట్లో కోయండి. తోక మీద నూనె గ్రంథి ఉంటుంది, పచ్చగా, చిన్న గోళీలా. దాన్ని లోతుగా కోసి తీసేయకపోతే కూరకు నీచు వాసన పడుతుంది. మెడ కింద చర్మం చీల్చి మేత సంచిని, గాలి గొట్టాన్ని వేళ్లతో విడదీయండి. తర్వాత రొమ్ము ఎముక చివర, మలద్వారానికి పైన, రెండు వేళ్లు పట్టేంత గాటు అడ్డంగా పెట్టండి. కత్తి లోతుగా దిగకూడదు, పేగు తెగుతుంది. మలద్వారం చుట్టూ కోసి వేరుచేశాక, చేయి లోపలికి పోనిచ్చి రొమ్ము వైపు నుంచి అన్నిటినీ ఒకేసారి మెల్లగా బయటకు లాగండి.

కార్జం వెనుక ఆకుపచ్చని చేదు తిత్తి అంటుకుని ఉంటుంది. అది పగిలితే చేదంతా మాంసానికి పట్టుతుంది. కార్జంలో గోరంత ముక్క పోయినా సరే, తిత్తిని చుట్టూ వదిలి కోయండి. పగిలితే ఆ చోటు వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి, పచ్చబడిన ముక్కను పారేయండి. కార్జం ముదురు రంగులో నున్నగా ఉండాలి. తెల్లమచ్చలు, కురుపులు కనబడినా, లోపల దుర్వాసన వచ్చినా ఆ కోడిని తినకండి. కందనకాయను నిలువుగా కోసి రాళ్లు, గింజలు దులిపి, లోపలి పసుపు పొరను గోటితో పట్టి ఒక్క లాగుడుకు ఒలవండి. వీపు ఎముకల మధ్య ఊపిరితిత్తులు అంటుకుని ఉంటాయి, వాటినీ గోకి తీయండి.

రెండు కిలోల పుంజుకు కిలో మూడు వందల గ్రాముల దాకా మాంసం దక్కుతుంది. కోసిన గంటకు కండ బిగుసుకుంటుంది, ఆ వేళ వండితే ఎంత ఉడికినా రబ్బరులా ఉంటుంది. ముక్కలు చేయకముందే ఐసు నీళ్లలో అరగంట చల్లబరిచి, ఫ్రిజ్‌లో అయిదారు గంటలు ఉంచి వండితే మెత్తగా వస్తుంది. ఎండాకాలంలో బయట గంటకు మించి పెట్టవద్దు. రెండు రోజుల్లో వండకపోతే గడ్డకట్టే అరలో పెట్టండి. వేడివేడి జొన్నరొట్టెతో నాటుకోడి పులుసు తినే పాలమూరు ఇళ్లలో ముదురు పెట్టను పొద్దున కోసి, సాయంత్రం కట్టెల పొయ్యి మీద రెండు గంటలు ఉడకనిస్తారు.

ఈకలు, పేగులు, కడిగిన రక్తం కుక్కలకు వేయడం, రోడ్డు పక్కన పారేయడం రెండూ తప్పే. అలవాటుపడిన కుక్క మరునాడు గూటి దగ్గరకే వస్తుంది. రెండు అడుగుల లోతు గుంత తీసి, అన్నీ వేసి, సున్నం చల్లి మట్టి కప్పండి, పైన ఒక బండ పెట్టండి. కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టుకోండి. రెండు మూడు నెలలు గడిచాక ఆ బండ తీసి అక్కడే సొర గింజలు నాటవచ్చు, ఈకల సత్తువ నేలకు బాగా పడుతుంది.